సుబ్బారావు గారికి నోబెల్ రాలేదని ఏడ్చింది ఇక చాలండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మీ పేపర్ మా ఇంట్లో ముప్పై ఏళ్ల నుంచి వేయించుకుంటున్నాం, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి, అంచేత పెద్దదైపోతే ఏమనుకోకండి, కావాల్సిన చోట కత్తిరించేసుకోండి. మొన్న ఆదివారం అమెరికాలో మందుల రీసెర్చ్ చేసిన సైంటిస్టు ఎల్లాప్రగడ సుబ్బారావు గారి వర్ధంతి అని ఒక పేజీ వేశారు కదా, నోబెల్ దక్కని మహానుభావుడు అన్న టైపు హెడ్డింగు, పక్కన ఎప్పుడూ వేసే నలుపు తెలుపు ఫొటో, కింద ఆయన కనిపెట్టినవి అని ఓ చాంతాడంత లిస్టు. ఆ కటింగు మా వాకింగ్ గ్రూపులో ఎవరో పొద్దున్నే ఫొటో తీసి పెట్టారు, పది నిమిషాల్లో నలభై దండాల బొమ్మలు వచ్చాయి, ఇంకో పది నిమిషాల్లో గొడవ మొదలైంది. ఒకాయన తెల్లోళ్లు కావాలనే తొక్కేశారు అంటాడు, ఇంకొకాయన ఇదంతా మన డప్పు మనం కొట్టుకోవడమే, ఆయన పేరు సైన్సు పుస్తకాల్లో ఎక్కడుందో ఒక్క పేజీ చూపించండి అంటాడు, మూడో ఆయన ఉండి ఉండి కులం ఎత్తాడు, దాంతో అడ్మిన్ గ్రూపుకి తాళం వేసేశాడు. నేను అనాల్సింది నోట్లోనే ఉండిపోయింది, అందుకే మీకు రాస్తున్నా.

నేను డాక్టర్ని కాదు, ప్రొఫెసర్ని అంతకన్నా కాదు. పశ్చిమ గోదావరిలో ప్రైమరీ హెల్త్ సెంటర్లలో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు సాయంత్రాలు మా అబ్బాయి మెడికల్ షాపులో కూర్చుంటాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ సుబ్బారావు గారి సరుకు నా చేతుల మీదుగా లక్షల్లో వెళ్లింది, ఆ సంగతి నాకు తెలిసింది మాత్రం రిటైరయ్యే ముందు. ఇది సిగ్గుపడాల్సిన విషయమే, కానీ సిగ్గు నా ఒక్కడిదే కాదు అని కూడా అనిపిస్తుంది.

బోదకాలు మాత్రలు తెలుసు కదండీ. 2004 నుంచి ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఊరందరికీ ఒకేసారి మింగించే ప్రోగ్రాం పెట్టారు, డీఈసీ మాత్రలు, దాంతోపాటు నులిపురుగుల మాత్ర ఒకటి. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకి డీఈసీ ఒకటి, ఆరు నుంచి పద్నాలుగు దాకా రెండు, పదిహేను దాటితే మూడు. రెండేళ్ల లోపు పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ, మంచం పట్టినవాళ్లకీ వద్దు. ఇది నిద్దట్లో లేపి అడిగినా చెప్తాను. ఆ రోజులొచ్చాయంటే మాకు పెళ్లింటి హడావుడే, డబ్బాలు విప్పడం, ఊరికి ఇన్ని అని లెక్క కట్టడం, మూటలు కట్టి ఆశా వర్కర్లకి ఇవ్వడం. ఇచ్చాక అసలు తంటా మొదలయ్యేది. టిఫిన్ చేశాక మింగుతాం అక్కడ పెట్టెళ్లమ్మా అనేవాళ్లు, మర్నాడు చూస్తే ఆ మాత్రలు మురిక్కాలవ గట్టు మీద కనిపించేవి. ఇవి మింగితే పిల్లలు పుట్టరంట అని ఒక ఊళ్లో పుకారు పుట్టింది, ఆ ఏడు ఆ ఊళ్లో సగం మంది కూడా మింగలేదు. మింగినవాళ్లలో కొందరికి కళ్లు తిరగడం, జ్వరం, వాంతి వచ్చేవి, అది ఒంట్లో ఉన్న పురుగులు చచ్చి అలా అవుతుంది, రెండ్రోజుల్లో పోతుంది అని మేం చెప్తే, పురుగులు నా ఒంట్లో ఉన్నాయా అని మా మీదే కోప్పడేవాళ్లు.

అంతకు ముందు ఇంకో పద్ధతి ఉండేది, ఇప్పుడూ ఉంది లెండి, రాత్రి పూట రక్తం తీయడం. ఈ ఫైలేరియా పిల్లపురుగులు పగలు లోపలెక్కడో దాక్కుని రాత్రయితేనే రక్తంలోకొస్తాయి, అంచేత ఎనిమిదిన్నర దాటాక టార్చిలైట్లు పట్టుకుని గాజు పలకలతో ఇల్లిల్లూ తిరగాలి. కుక్కలు వెంటపడేవి. నేను సాయంగా రెండు మూడుసార్లు వెళ్లాను, ఒకసారి ఒక ముసలమ్మ గారు అరుగు మీద కూర్చుని ఉంది, ఎడం కాలు మోకాలి దాకా వాచి తొక్క మందంగా అయిపోయి ఉంది. వేలు పొడిపించుకుని, బాబూ ఈ మాత్రకి నా కాలు తగ్గుద్దా అని అడిగింది. తగ్గదు. ఒకసారి అంత వాచాక మాత్రకి తగ్గదు, రోజూ సబ్బుతో కడుక్కుని తుడుచుకుని పుళ్లు పడకుండా చూసుకోవడమే. మాత్ర చేసే పని ఏంటంటే ఆవిడ రక్తంలో పురుగు పిల్లల్ని చంపేసి, ఆవిడని కుట్టిన దోమ పక్కింటి పిల్లాణ్ని కుట్టినా వాడికి అంటకుండా చూడటం. ఇది నేను ఆవిడకి చెప్పలేకపోయాను, మింగమ్మా మంచిదే అన్నాను అంతే.

ఈ డీఈసీ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఒక ట్రైనింగులో తెలిసింది, అదీ సిలబస్‌లో లేదు, క్లాసు చెప్పడానికొచ్చిన పెద్ద డాక్టరు గారు టీ తాగుతూ అన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సిపాయిలకి ఫైలేరియా పట్టుకుంది, దానికి మందు కోసం న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ ల్యాబువాళ్లు వెతికారు, 1947లో హెట్రజాన్ అని బయటపెట్టారు, అదే మన డీఈసీ, ఆ ల్యాబులో రీసెర్చ్ అంతటికీ పెద్ద తలకాయ 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన మన సుబ్బారావు అని. నేను చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయాను. మేం మాత్రలు పంచిన ఊళ్ల నుంచి భీమవరానికి బస్సులో గంట ప్రయాణం. ఆ డబ్బా మీద ఉండక్కర్లేదు, కంపెనీ వాళ్లెందుకు వేస్తారు, కానీ మేం పంచిన కరపత్రంలో, మైకులో అరిపించిన అనౌన్సుమెంట్లో, గోడ మీద రాతల్లో ఎక్కడా ఒక్క ముక్క లేదే. ఇది మన పక్క ఊరాయన చేయించిన మందమ్మా అంటే ఆ ఊళ్లో ఇంకో పదిమంది మింగేవాళ్లని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఇక మీ వ్యాసం సంగతి. నోబెల్ రాకపోవడం గురించి మూడు పేరాలు రాశారు. నేను ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఏటీపీ కనిపెట్టినందుకు రావాల్సిన నోబెల్ అన్నారు. బైపీసీ పిల్లలందరూ కణానికి శక్తినిచ్చే కరెన్సీ అని బట్టీపట్టే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే ఆయన, ఆయన కింద పనిచేసే సుబ్బారావు బయటపెట్టారు, నిజమే, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ అనే ఆయన కూడా విడిగా బయటపెట్టాడు. ఆ లోమన్‌కి కూడా నోబెల్ రాలేదు. ఆయన తెల్లాయనే కదా. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి మొదట మందు వాడి చూపించిన సిడ్నీ ఫార్బర్‌కీ రాలేదు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టుకున్న డగ్గర్‌కీ రాలేదు. పైగా చనిపోయినవాళ్లకి మామూలుగా ఆ ప్రైజు ఇవ్వరు, ఈయనేమో 53 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. రాలేదని బాధ ఉంటే ఉండొచ్చు, నాకూ ఉంది, కానీ కుట్ర చేసి ఆపేశారు అని పేపర్లో అచ్చేస్తే రేపు ఎవడైనా ఈ లోమన్ సంగతి తీసి చూపించాడనుకోండి, మిగతా నిజాలు కూడా డప్పు కిందే జమకట్టేస్తాడు. మా గ్రూపులో ఆ రెండో ఆయన చేసింది అదే.

ఆ రెండో ఆయనకి ఒక సమాధానం ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతాను. పుస్తకంలో పేరు చూపించమన్నాడు కదా, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లల బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ పుస్తకం తీయమనండి. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలం రంగు ఎంత చిక్కగా వచ్చిందన్న దాన్ని బట్టి కొలిచే పద్ధతి ఒకటి ఉంటుంది, ఫిస్క్ సుబ్బారో మెథడ్ అనే రాసుంటుంది. 1925 నాటి పేపరు అది. మా మేనకోడలు ఆ కోర్సు చేసింది, రికార్డులో ఆ పేరు పదిసార్లు రాసింది, సుబ్బారో అంటే ఏ జపాన్ ఆయనో అనుకుందంట. స్పెల్లింగు అలా ఉంటుంది మరి, చివర్న డబ్ల్యూ.

అన్యాయం అస్సలు జరగలేదని నేను అనట్లేదండి. జరిగింది, కానీ అది నోబెల్ కమిటీలో కాదు, ఆయన పక్క టేబుల్ దగ్గరే. 1988లో నోబెల్ తీసుకున్న జార్జ్ హిచింగ్స్ కూడా కుర్రప్పుడు ఫిస్క్ దగ్గరే పీహెచ్‌డీ చేశాడు, ఆయనే అన్నాడు, సుబ్బారావు అప్పటికే విడదీసి పెట్టిన కొన్ని పదార్థాల్ని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కొత్తగా కనిపెట్టుకోవాల్సి వచ్చింది, కారణం ఫిస్క్ అసూయతో ఆయన పనిని వెలుగులోకి రానివ్వకపోవడం అని. హార్వర్డ్‌లో అన్నేళ్లు చాకిరీ చేసినా పర్మనెంటు పోస్టు ఇవ్వలేదు, అందుకే 1940లో లెడర్లీకి వెళ్లిపోయారు. ఇదీ అన్యాయం అంటే. ఆఫీసుల్లో పనిచేసిన ప్రతివాడికీ అర్థమయ్యే అన్యాయం ఇది, పై ఆయన ఫైలు తన సొరుగులో పెట్టుకుని తాళం వేసుకోవడం. మీరు ఈ విషయానికి ఒక్క లైను ఇచ్చి స్వీడన్ వాళ్లని మూడు పేరాలు తిట్టారు.

ఇంకా ఆ లిస్టు. టెట్రాసైక్లిన్ ఆయన కనిపెట్టారు అని రాశారు. ఆరియోమైసిన్ అనే మందు, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది, దాన్ని మట్టిలోని సూక్ష్మజీవుల్లోంచి పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, యూనివర్సిటీలో రిటైరయ్యాక లెడర్లీలో చేరిన పెద్దాయన. ఆ పని చేయించింది, డబ్బూ మనుషులూ సమకూర్చింది, అది పనికొచ్చే మందు దాకా నడిపించింది సుబ్బారావు గారు. ఫోలిక్ యాసిడ్ తయారీ పేపరు మీద అయితే పదిహేను మందికి పైనే పేర్లున్నాయి, వాటిలో ఈయనది ఒకటి, మొదటిది కూడా కాదు. మనవాళ్లకి ఇది చిన్నతనంగా అనిపిస్తుంది ఎందుకో. మన దృష్టిలో సైంటిస్టు అంటే ఒక గది, ఒక సీసా, ఒక్కడే ముని. ఈయన నడిపింది పెద్ద వంటశాల, మా వైపు పెళ్లిళ్లకి వంట మేస్త్రి ఉంటాడు చూడండి, పులిహోర కలిపేది ఒకడు, బూరెలు వేసేది ఒకడు, ఆయన గరిటె పట్టకపోవచ్చు కానీ ఏ పొయ్యి ఎప్పుడు వెలిగించాలో ఆయనకే తెలుసు, రుచి బాగుంటే ఆ పేరు ఆయనదే, బాగోకపోతే తిట్లూ ఆయనకే. అలాగని బూరెలు ఆయనే వేశాడని రాయకూడదు కదా. మందులు బయటపెట్టేటప్పుడు కూడా ఆయన ముందుకొచ్చే రకం కాదని, కింద పనిచేసేవాళ్లనే ముందు పెట్టేవారని ఆయనతో చేసినవాళ్లు చెప్పారు. ఆయన పక్కవాళ్లకి ఇచ్చేసిన క్రెడిట్ మనం ఇప్పుడు లాక్కొచ్చి ఆయన ఒళ్లో పోస్తున్నాం.

నా ఉద్దేశంలో ఆ మొత్తం లిస్టులో గుండె పట్టేసే కథ మెథోట్రెక్సేట్‌ది, దానికి మీరు ఇచ్చింది రెండు మాటలు, క్యాన్సర్ మందు అని. అసలు జరిగింది ఏంటంటే, ఫోలిక్ యాసిడ్ రక్తం పట్టడానికి బాగా పనిచేస్తోంది కదా అని బోస్టన్‌లో ఫార్బర్ గారు బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి ఆ కుటుంబం మందులే ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఇంకా ఎగదోసినట్టు అయింది. ఇంకొకరైతే అక్కడితో భయపడి ఆపేస్తారు. ఆయన తిరగేసి ఆలోచించాడు, ఇది ఇస్తే క్యాన్సర్ పెరుగుతోందంటే దీన్ని అడ్డుకునేది ఇస్తే తగ్గాలి కదా అని. ఆ అడ్డుకునే మందులు పెర్ల్ రివర్‌లో సుబ్బారావు గారి టీము తయారుచేసి పంపింది, డోరిస్ సీగర్ అనే ఆవిడ ఆ కెమిస్టుల్లో ఒకరు, ఫోలిక్ యాసిడ్ లాగే కనిపించి లోపల తాళంలో ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి లాంటివి. అమినోప్టెరిన్ అని మొదటిది. 1948 జూన్‌లో ఫార్బర్ పేపరు వచ్చింది, 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి కొన్నాళ్ల పాటు జబ్బు వెనక్కి తగ్గింది. కొన్నాళ్లే. కానీ అప్పటిదాకా ఆ జబ్బుకి ఆ కొన్నాళ్లు కూడా ఎవరూ చూడలేదు. ఆ వేసవిలోనే ఆరియోమైసిన్ కూడా లోకానికి చెప్పారు. ఆగస్టులో ఈయన పోయారు. అంటే జూన్, జూలై, ఆగస్టు, మూడు నెలల్లో అంతా అయిపోయింది. ఆ అమినోప్టెరిన్‌కి తోడబుట్టిందే మెథోట్రెక్సేట్, పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో ఇవాళ్టికీ వాడుతున్నారు.

ఇవాళ మా షాపులో ఆ మందు క్యాన్సర్ కోసం వచ్చేవాళ్లకన్నా కీళ్లవాతం వాళ్లకే ఎక్కువ పోతుంది. చేతి వేళ్లు వంకర్లు పోయే రకం, ఆడవాళ్లలో ఎక్కువ. డాక్టర్లు వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ రాస్తారు, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ రాస్తారు, దాని దెబ్బ కాస్త కాచుకోవడానికి. ఆ చీటీ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే ఆ రెండూ ఒకే ల్యాబు మనుషుల చేతుల్లోంచి వచ్చాయి, విషం ఒక చేత్తో, విరుగుడు ఒక చేత్తో. ఒకే కవర్లో వేసి ఇస్తాను.

కానీ ఇందులో ప్రాణం మీదికొచ్చే మెలిక ఉంది. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సింది రోజూ వేసేసుకుంటారు. మాకు తెలిసినావిడే ఒకరు, వేరే ఊళ్లో కొనుక్కుంది, అక్కడ కవరు మీద ఏమీ రాయలేదు, చీటీలో రాత ఆవిడకి అర్థం కాలేదు, ఎనిమిది రోజులు వరసగా వేసుకుంది. నోరంతా పూసి మంచినీళ్లు కూడా దిగలేదు, రక్తంలో కణాలు పడిపోయాయి, పెద్దాసుపత్రిలో పడేసి ఫోలినిక్ యాసిడ్ ఎక్కిస్తే దేవుడి దయ వల్ల బయటపడింది. అది కూడా ఫోలిక్ యాసిడ్ చుట్టమే. అప్పటి నుంచి మా షాపులో మెథోట్రెక్సేట్ స్ట్రిప్పు ఎవరికిచ్చినా కవరు మీద స్కెచ్ పెన్నుతో వారం పేరు రాస్తాను, ఆదివారం మాత్రమే అనో, బుధవారం మాత్రమే అనో. మా అబ్బాయి నవ్వుతాడు, రాయి నాన్నా నీ సుబ్బారావు గారి కోసం అని.

ఫోలిక్ యాసిడ్ అంటే గుర్తొచ్చింది. ఈ కథ మొదటి కొస మన దేశంలోనే దొరికింది, అది కూడా ఎవరూ రాయరు. లూసీ విల్స్ అని ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయి వచ్చి, అక్కడ మిల్లు పనుల్లో ఉన్న గర్భిణీలకి వచ్చే ఒక రకం రక్తహీనత మీద పనిచేసింది, మార్మైట్ అని ఈస్టుతో చేసే నల్లటి లేహ్యం లాంటిది ఉంటుంది, చౌక సరుకు, అది పెడితే వాళ్లకి రక్తం పట్టింది, 1931లో రాసింది. అందులో ఉన్నది ఏంటో తేలడానికి పదేళ్లు పైన పట్టింది, టెక్సాస్‌లో పాలకూరలోంచి ఒకళ్లు తీశారు, లెడర్లీ వాళ్లు 1945లో ల్యాబులో తయారుచేసి చూపించారు. ఇవాళ మన అంగన్‌వాడీల్లో గర్భిణీలకి ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే, కడుపులో బిడ్డ వెన్నుపాము సరిగ్గా రావడానికి మొదటి నెలల్లో ఇచ్చేదీ అదే. బొంబాయి మిల్లు కూలీ ఆడవాళ్ల రక్తం, ఇంగ్లండ్ ఆవిడ బుర్ర, భీమవరం ఆయన పట్టుదల, అమెరికా కంపెనీ డబ్బు. ఇందులో ఏది తీసేస్తారు మీరు? నా వరకైతే ఇలా చెప్తేనే ఆయన పెద్దగా కనిపిస్తారు.

పట్టుదల ఎందుకన్నానంటే ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం విరిగిపోతుంది, మనిషి పుల్లైపోతాడు. ఈయన అప్పటికి మద్రాసులో వైద్యం చదువుకున్న మనిషి, ఏమీ చెయ్యలేకపోయాడు. పాతికేళ్ల తర్వాత ఆయన టీము చేసిన ఫోలిక్ యాసిడ్ ఆ స్ప్రూకి పనిచేసింది. ఇది సినిమాలో పెడితే మరీ ఎక్కువైంది అంటాం.

ఆ మద్రాసు చదువు గురించి కూడా అందరూ ఒక ముక్క దాటేస్తారు. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయి కాశీలో యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుందామని బయల్దేరితే తల్లి వెంకమ్మ గారు వెనక్కి లాక్కొచ్చారు. సన్యాసుల్లో కలుస్తానంటే ఆవిడే ఒప్పుకోలేదు. మెడికల్ కాలేజీలో గాంధీ గారి మాట మీద ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ క్లాసుకి వెళ్లాడని సర్జరీ ప్రొఫెసర్ దొరగారికి మండింది, ఎంబీబీఎస్ రావాల్సినవాడికి ఎల్‌ఎంఎస్ అని తక్కువ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఇప్పుడు మన ఊళ్లల్లో రిజల్ట్స్ రాగానే కార్పొరేట్ కాలేజీల ఫ్లెక్సీలు కడతారు కదా, ర్యాంకులు, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆ ఫ్లెక్సీలో ఈయన ఫొటో ఎప్పటికీ ఉండేది కాదు. ఆయన పుట్టిన ఊరు ఇవాళ జిల్లా హెడ్‌క్వార్టర్స్ అయింది, ఆ రోడ్ల మీద ఎన్ని ఫ్లెక్సీలో మీకూ తెలుసు.

ఇంకొకటి రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను, రాసేస్తున్నాను. సుబ్బారావు గారి భార్య శేషగిరి గారు. 1919లో పెళ్లి, 1922లో ఆయన ఓడెక్కారు, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు డబ్బు సాయం చేశారు. ఆయన మళ్లీ రాలేదు. ఒక కొడుకు పుట్టి పసివాడుగానే పోయాడు. 1948 దాకా అంటే 26 ఏళ్లు ఆవిడ ఇక్కడ, ఆయన అక్కడ. మీ వ్యాసంలో ఆవిడ పేరే లేదు. నేను తీర్పులు చెప్పేవాణ్ని కాను, అప్పట్లో రావడం పోవడం అంటే ఇవాళ్టిలా ఫ్లైటెక్కడం కాదు, అప్పులు, చదువు, ఉద్యోగం గ్యారంటీ లేకపోవడం, అన్నీ ఉన్నాయి. కానీ మా ఆవిడ ఈ వ్యాసం చదివి మొదట అడిగింది అదే, మరి ఆవిడేమైపోయింది అని. దేశం కోసం త్యాగం, లోకం కోసం త్యాగం అని రాసేటప్పుడు ఆ త్యాగంలో సగం వాటా ఎవరి పేరున ఉందో కూడా రాయండి. ఆయన్ని తక్కువ చెయ్యడం అవ్వదు. దాస్తేనే ఏదో తప్పున్నట్టు కనిపిస్తుంది.

అమెరికా సంగతి కూడా మనం మన సౌకర్యం కొద్దీ చెప్పుకుంటాం. ఆయన బోస్టన్ చేరింది 1922 అక్టోబరులో, ఫీజు కట్టుకోవడానికి ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరు పని చేశాడు, అంటే రోగుల మూత్రం గిన్నెలు కూడా కడిగే పని. 1923లో ఇండియా వాళ్లు తెల్లవాళ్ల కింద లెక్కకి రారు, పౌరసత్వానికి పనికిరారు అని అక్కడి సుప్రీంకోర్టు చెప్పేసింది. 1946లో గానీ చట్టం మారలేదు. ఆయన పౌరుడు కాకుండానే పోయాడు. ఇవాళ గ్రీన్ కార్డు క్యూలో పదేళ్లు పదిహేనేళ్లు నిలబడి ఉన్న మన పిల్లలు ఎంతమందో ఉన్నారు, మా పెద్ద మేనల్లుడు కూడా, వాడికి ఈ సంగతి చెప్తే ఆయన ఎలా తట్టుకున్నాడు మావయ్యా అన్నాడు. నాకేం తెలుసు, పని చేసుకుంటూ తట్టుకుని ఉంటాడు అన్నాను.

ఆయన్ని మర్చిపోయాం అని మీరు రాసింది కూడా పూర్తి నిజం కాదు. 1995లో శతజయంతికి తపాలా బిళ్ల వేశారు. ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరే పెట్టారు అమెరికా వాళ్లు, మీరు నవ్వినా సరే, నాకు విగ్రహం కన్నా అదే నచ్చింది, అది బతికున్నన్నాళ్లూ పేరు బతికే ఉంటుంది, కాకులు వాలవు. ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఒకసారి ఆగస్టులో ఒకసారి, పేపర్లన్నీ ఇదే వ్యాసం వేస్తాయి, 1950లో ఒక అమెరికన్ రచయిత ఈయన గురించి రాసిన రెండు వాక్యాలతో మొదలుపెట్టి నోబెల్‌తో ముగిస్తాయి. మర్చిపోలేదు సార్. బట్టీపట్టేశాం.

విగ్రహాలు వద్దనను, పెట్టేవాళ్లు పెట్టుకోండి. కానీ మా గ్రూపు గొడవలో చివర్న ఒకాయన విగ్రహానికి చందా అన్నాడు, ఆ చందా ఏదో నాకు ఇస్తే మన జిల్లాలో ప్రతి హెల్త్ సెంటర్లో మందులిచ్చే కిటికీ పక్కన ఒక చిన్న బోర్డు పెట్టిస్తాను. పొగడ్తలేం వద్దు. ఈ ఫోలిక్ యాసిడ్ మాత్ర, ఈ డీఈసీ మాత్ర భీమవరంలో పుట్టిన ఒకాయన, ఆయన తోటివాళ్లు కలిసి తయారుచేసినవి, మింగండి, కాలవలో పారెయ్యకండి అని అంతే. లెక్చరర్లకి ఒక మాట, ఏటీపీ చెప్పేటప్పుడు ఒక్క నిమిషం ఎక్కువ తీసుకోండి, ఫిస్క్ పేరు కూడా చెప్పండి, లోమన్ పేరు కూడా చెప్పండి, ఏం ఫర్వాలేదు.

ఇక మీకు. వచ్చే జనవరిలో ఎలాగూ మళ్లీ వేస్తారు కాబట్టి ముందే అడుగుతున్నాను. వ్యాసం ఎలా వేసుకున్నా సరే, కింద చిన్న బాక్సు కట్టి మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వాడేవాళ్లు వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ కాదు, అనుమానం ఉంటే మింగే ముందు డాక్టర్ని గానీ మందుల షాపులో గానీ అడగండి అని లావు అక్షరాల్లో వేయండి. జాగా చాలకపోతే నోబెల్ పేరా ఒకటి తీసేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
పశ్చిమ గోదావరి జిల్లా